ముసలి బాంబర్: ఎగరాలా, ఆగాలా?

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తయారుచేసిన బాంబర్లలో సంఖ్యలో అన్నిటికంటే మిన్న బి-24 లిబరేటర్. 1939 డిసెంబరు 29న తొలిసారి గాలిలోకి లేచిన ఈ విమానాన్ని యుద్ధం ముగిసేలోగా 18 వేలకు పైగా తయారుచేశారు. మిషిగన్ రాష్ట్రంలోని విల్లో రన్ వద్ద ఫోర్డ్ కంపెనీ నడిపిన కర్మాగారం నుంచి 1944లో దాదాపు గంటకొక లిబరేటర్ చొప్పున బయటికి వచ్చేది. అన్ని వేల విమానాల్లో పూర్తి రూపంతో ఇవాళ ప్రపంచం మొత్తం మీద మిగిలినవి ఇరవై కూడా లేవు. ఆ కొద్దిపాటిలో కనీసం ఆరు ఒకప్పుడు భారత వైమానిక దళంలో పనిచేసినవే!

ఈ ఆరూ ఎలా బతికి బయటపడ్డాయన్నది ఆసక్తికరమైన కథ. బయటపడ్డవాటిని ఇకముందు ఎలా కాపాడాలన్నది అంతకంటే చిక్కు ప్రశ్న. మరమ్మతు చేసి కొత్తదానిలా తీర్చిదిద్దిన పాత బాంబర్‌ను ఆకాశంలో ఎగరనివ్వాలా? మ్యూజియంలో కదలకుండా నిలిపి ఉంచాలా? ఎగిరితే ఒక రకం ప్రమాదం, నిలబడితే మరో రకం నష్టం. ఈ రెంటినీ అర్థం చేసుకోవాలంటే చరిత్రతో పాటు కొంత లోహశాస్త్రం కూడా తెలియాలి.

కాన్పూరు పాతసామాను నుంచి

యుద్ధకాలంలో బ్రిటన్ వాడిన లిబరేటర్లు చాలావరకు అమెరికా అరువు-కౌలు చట్టం కింద ఇచ్చినవి. యుద్ధం ముగియగానే వాటిని తిరిగి ఇవ్వాలి, లేదా డబ్బు చెల్లించాలి, లేదా పనికిరాకుండా ధ్వంసం చేయాలి. ఇండియాలో ఉన్న బ్రిటిష్ లిబరేటర్లను కాన్పూరు దగ్గరి చకేరీ విమానాశ్రయానికి చేర్చి, మళ్లీ ఎగరడానికి వీల్లేకుండా చెడగొట్టి వదిలేశారు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన వైమానిక దళానికి భారీ బాంబర్లు లేవు. కొనడానికి డబ్బు లేదు. అప్పుడు బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ దృష్టి చకేరీలోని పాతసామాను మీద పడింది. ఈ సంస్థకు యుద్ధకాలంలో అమెరికా విమానాలకు మరమ్మతులు చేసిన అనుభవం ఉంది. సాంకేతిక సిబ్బంది కాన్పూరు వెళ్లి, ఒక విమానం నుంచి తీసిన భాగాలను మరో విమానానికి అమర్చి, బెంగుళూరు దాకా ఎగరగలిగేంత వరకు వాటిని బాగుచేశారు. అలా అతుకులు వేసిన విమానాలను సంస్థ పైలట్ జంషెడ్ మున్షీ బెంగుళూరు చేర్చారు. అక్కడ పూర్తి మరమ్మతు జరిగింది. 1948 నవంబరులో 5వ స్క్వాడ్రన్ లిబరేటర్లతో ఏర్పడింది. మొత్తం మీద సుమారు నలభై విమానాలు ఇలా మళ్లీ ప్రాణం పోసుకున్నాయి. తర్వాత 6వ స్క్వాడ్రన్ వీటిని సముద్రం మీద గస్తీకి వాడింది. 1968 డిసెంబరు చివరిలో గానీ ఇవి సేవ నుంచి విరమించలేదు.

అదే కాలంలో అమెరికాలో ఏం జరిగిందో చూడండి. అరిజోనాలోని కింగ్‌మన్ వంటి చోట్ల వేలాది బాంబర్లను వరసగా నిలిపి, ముక్కలుగా కోసి, కొలిమిలో వేసి అల్యూమినియం దిమ్మెలుగా మార్చేశారు. తయారుచేసిన దేశంలో లిబరేటర్ దాదాపు అంతరించింది. పేదరికం వల్ల పారేసే వీలులేక వాడుకున్న దేశంలో మిగిలింది.

ఆరు విమానాలు, రెండు దారులు

మన వైమానిక దళం లిబరేటర్లను విరమిస్తోందన్న వార్త తెలియగానే ప్రపంచ మ్యూజియాలు అడగడం మొదలుపెట్టాయి. ఒకటి 1968లో కెనడాకు వెళ్లింది. దానికి బదులుగా కెనడా మనకు ఒక లైసాండర్ విమానాన్ని ఇచ్చింది. 1969లో మరొకటి అరిజోనాలోని పీమా మ్యూజియానికి స్వయంగా ఎగిరి వెళ్లింది. 1974లో ఇంకొకటి బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియానికి చేరింది. ఒకటి ఫ్లోరిడాలో కెర్మిట్ వీక్స్ విమాన సేకరణలో ఉంది. ఒకటి మన ఢిల్లీలోనే, పాలం వైమానిక దళ మ్యూజియంలో నిలిచిపోయింది. ఇవి ఐదు.

ఆరోదాని దారి వేరు. దాన్ని 1981లో ఒక బ్రిటిష్ సేకర్త విడిభాగాలుగా ఇంగ్లండుకు తీసుకుపోయాడు. 1984లో అమెరికాకు చెందిన రాబర్ట్ కాలింగ్స్ కొన్నాడు. ప్రదర్శన కోసం నిలిపి ఉంచితే చాలని ఆయన మొదట అనుకున్నాడు. యుద్ధంలో లిబరేటర్లు నడిపిన వృద్ధ సైనికులు పట్టుబట్టడంతో ఎగిరేలా చేయాలని నిర్ణయం మార్చుకున్నాడు. విమానాన్ని దాదాపు పూర్తిగా విప్పి, నాలుగు లక్షలకు పైగా రివెట్లు మార్చామని పునరుద్ధరించినవారు చెబుతారు. 1989 సెప్టెంబరులో అది మళ్లీ ఎగిరింది. తర్వాత ముప్ఫై ఏళ్లపాటు అమెరికాలో ఊరూరా తిరుగుతూ, టికెట్టు కొన్నవాళ్లను ఎక్కించుకుని ఆకాశంలో తిప్పింది. 2019 నాటికి ప్రపంచంలో ఎగరగల లిబరేటర్లు రెండే. అందులో ఇది ఒకటి.

ఎగరాలా, ఆగాలా అన్న ప్రశ్నకు ఈ ఆరు విమానాలూ మంచి ఉదాహరణలు. ముందుగా ఎగరడం వల్ల లోహానికి ఏమవుతుందో చూద్దాం.

లోహం కూడా అలసిపోతుంది

ఒక ఇనుప తీగను రెండు చేతులతో లాగి తెంపడం మన వల్ల కాదు. అదే తీగను ఒకేచోట అటూ ఇటూ పదిసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. ఒక్కసారి పెద్ద బలం చేయలేని పనిని, చిన్న బలం పదేపదే పనిచేసి సాధిస్తుంది. దీన్నే లోహపు అలసట అంటారు. 19వ శతాబ్దంలో రైలు ఇరుసులు ఏ హెచ్చరికా లేకుండా విరిగిపోతుంటే, జర్మన్ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ ఈ విషయాన్ని క్రమబద్ధంగా పరిశోధించాడు.

విమానం ఎగిరిన ప్రతిసారీ రెక్కలు పైకి వంగుతాయి, దిగగానే కిందికి వాలతాయి. గాలి కుదుపులకు మధ్యలో వేల సార్లు ఊగుతాయి. లిబరేటర్ రెక్కల పొడవు ఈ చివర నుంచి ఆ చివరకు 33.5 మీటర్లు. డేవిస్ అనే రూపకర్త పేరుతో ప్రసిద్ధమైన ఆ రెక్క పొడవుగా, సన్నగా ఉంటుంది. అందువల్ల గాలి నిరోధం తగ్గి, విమానం చాలా దూరం పోగలుగుతుంది. సముద్రాల మీద గస్తీకి అది అంత బాగా పనికివచ్చింది అందుకే. అయితే పొడవాటి సన్నని రెక్క మొదట్లో వంపు బలం ఎక్కువగా పడుతుంది. ఆ బలాన్ని మోసేది రెక్క లోపల పొడుగునా సాగే ప్రధాన దూలం. దీన్నే స్పార్ అంటారు.

విమానమంతా రివెట్లతో కుట్టినట్టు ఉంటుంది. ప్రతి రివెట్టుకూ ఒక రంధ్రం కావాలి. లాగుతున్న రేకులో గుండ్రటి రంధ్రం ఉంటే, దాని అంచున ప్రతిబలం మిగతాచోట్ల కంటే దాదాపు మూడు రెట్లు ఉంటుందని గణితం చెబుతుంది. పగులు సాధారణంగా అక్కడే పుడుతుంది. మొదట వెంట్రుకంత కూడా ఉండదు. ప్రతి ప్రయాణంలోనూ కొద్దికొద్దిగా సాగుతుంది. మిగిలిన లోహం భారం మోయలేని స్థితికి రాగానే ఒక్కసారిగా తెగిపోతుంది.

ఉక్కుకు ఈ విషయంలో ఒక వెసులుబాటు ఉంది. ప్రతిబలం ఒక హద్దుకు లోపల ఉంటే, మామూలు ఉక్కు కోట్ల సార్లు ఊగినా విరగదు. విమానాల్లో వాడే అల్యూమినియం మిశ్రమాలకు అంత స్పష్టమైన హద్దు లేదు. ప్రతిబలం తక్కువైతే ఎక్కువకాలం ఆగుతాయంతే. అంటే ప్రతి విమానానికీ ఆయుర్దాయం ఎగిరిన గంటల్లో, దిగిన సార్లలో లెక్కించాలి. యుద్ధకాలపు బాంబర్లు దశాబ్దాల పాటు మన్నడానికి తయారైనవి కావు. కొన్ని వందల గంటలు పనిచేస్తే వాటి ధర్మం తీరినట్టే.

పగులును ముందుగా కనిపెట్టే పద్ధతులున్నాయి. రంగు ద్రవం పూసి తుడిస్తే పగుళ్లలో మిగిలిన రంగు గీతలా కనిపిస్తుంది. ఎక్స్ కిరణాలతో లోపలి భాగాలు చూడవచ్చు. మూడో పద్ధతిలో తీగచుట్టను లోహానికి దగ్గరగా పెట్టి, అందులో సుడి విద్యుత్ ప్రవాహాలు కలిగిస్తారు. పగులున్నచోట ఆ ప్రవాహం పక్కకు తప్పుకుంటుంది కాబట్టి తేడా పరికరంలో నమోదవుతుంది. లిబరేటర్‌కు సమకాలికమైన మరో బాంబర్ బి-17. ఒక బి-17లో రెక్కను విమాన శరీరానికి కలిపే అతుకు ఒకటి పూర్తిగా విడిపోయినట్టు బయటపడడంతో, 2023లో అమెరికా విమానయాన పాలన సంస్థ ఎగిరే బి-17లన్నిటికీ ఈ సుడి ప్రవాహాల తనిఖీని తప్పనిసరి చేసింది.

నిలబెడితే చాలా?

అయితే ఎగరకుండా ఆపేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ నిలబెట్టిన విమానం కూడా మెల్లగా చెడిపోతూనే ఉంటుంది.

చింతపండు పులుసునూ, ఊరగాయనూ అల్యూమినియం గిన్నెలో నిల్వ ఉంచవద్దని ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారు. ఉంచితే గిన్నె లోపల చిన్న చిన్న గుంటలు పడతాయి. మామూలుగా అల్యూమినియం ఉపరితలం మీద పలచని ఆక్సైడ్ పొర ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. ఉప్పు, పులుపు ఆ పొరను ఛేదిస్తాయి.

విమానంలో ఈ బెడద ఎక్కువ. స్వచ్ఛమైన అల్యూమినియం మెత్తన. 1906లో జర్మన్ లోహశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ విల్మ్, రాగి, మెగ్నీషియం కొద్దిగా కలిపి వేడిచేసి చల్లార్చిన అల్యూమినియం రోజులు గడిచేకొద్దీ గట్టిపడుతుందని కనుగొన్నాడు. అక్కడినుంచే విమానాల లోహం పుట్టింది. యుద్ధకాలపు అమెరికా బాంబర్లలో విరివిగా వాడిన మిశ్రమంలో రాగి నాలుగు శాతానికి కాస్త పైన ఉంటుంది. బలాన్నిచ్చిన ఆ రాగే బలహీనతకూ కారణం. తేమ చేరితే రాగి ఎక్కువున్నచోటికీ తక్కువున్నచోటికీ మధ్య చిన్న చిన్న బ్యాటరీలు ఏర్పడి, లోహం రేణువుల అంచుల వెంట తినబడుతుంది. దీనికి విరుగుడుగా రేకుకు రెండువైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొర అతికిస్తారు. గీతలు పడినచోట, కోసిన అంచుల్లో, రివెట్టు రంధ్రాల్లో ఆ కవచం ఉండదు.

పైకి ఇది ఇనుము తుప్పులా ఎర్రగా కనిపించదు. రంగు కింద తెల్లటి పొడిగా మొదలవుతుంది. ఆ పొడి అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, రేకు తడిసిన ప్లైవుడ్ లాగా పొరలు పొరలుగా ఉబ్బుతుంది. అల్యూమినియంలో ఉక్కు బోల్టు బిగించినచోట ఇంకా వేగంగా జరుగుతుంది. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే ఉక్కు తుప్పు కూడా బాగా పెరుగుతుంది. అరిజోనా ఎడారి పొడిగాలి పాత విమానాలకు అనుకూలం. వానాకాలపు తేమ ప్రతికూలం. లోపల గూళ్లు కట్టిన పక్షుల రెట్ట కూడా లోహాన్ని తింటుంది.

లోహం సంగతి అలా ఉంచితే, టైర్లు ఒకే చోట భారం మోసి చదునవుతాయి. రబ్బరు గొట్టాలు పెళుసవుతాయి. లిబరేటర్ తోక చుక్కానులకు కప్పిన బట్ట ఎండకు చివికిపోతుంది. ఇంజన్ల సంగతి మరీ విచిత్రం. ఒక్కో ఇంజనులో 14 సిలిండర్లు వలయాకారంలో ఉంటాయి. కదలకుండా ఉంటే నూనె పై సిలిండర్ల గోడల నుంచి జారి, కింది సిలిండర్లలో చేరుతుంది. పైన తుప్పు పడుతుంది. కింద చేరిన నూనెను వదిలించకుండా ఇంజను తిప్పితే లోపలి కడ్డీలు వంగిపోతాయి. అందుకే స్టార్టు చేసే ముందు ప్రొపెల్లర్‌ను చేత్తో నిదానంగా తిప్పుతారు.

క్రమంగా ఎగిరే విమానాన్ని మెకానిక్కులు ప్రతి వారం తడిమి చూస్తారు. మ్యూజియంలో నిలబడ్డ విమానాన్ని చాలాసార్లు దుమ్ము దులిపి సరిపెడతారు. వాడకం అలసటను పెంచుతుంది గానీ శ్రద్ధను కూడా పెంచుతుంది. నిలకడ అలసటను ఆపుతుంది గానీ నిర్లక్ష్యానికి చోటిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

2019 అక్టోబరు 2

ఎగిరే లిబరేటర్‌తో పాటు ఊరూరా తిరిగిన మరో బాంబర్ 'నైన్-ఓ-నైన్'. అది బి-17 రకం. దాని జీవితమూ అసాధారణమైనదే. 1952లో నెవాడాలో జరిగిన అణు పరీక్షల్లో, పేలుడు ప్రభావం తెలుసుకోవడానికి దాన్ని వాడారు. తర్వాత అడవి మంటల మీద నీళ్లు చల్లింది. ఆ పైన మ్యూజియం విమానంగా మారింది.

2019 అక్టోబరు 2న కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రాడ్లీ విమానాశ్రయం నుంచి 13 మందితో బయలుదేరిన కొద్ది నిమిషాలకే ఇంజను ఇబ్బంది పెట్టింది. వెనక్కి తిరిగి దిగబోతూ రన్‌వేకు ముందే నేలను తాకి, ఒక కట్టడాన్ని ఢీకొని కాలిపోయింది. ఏడుగురు చనిపోయారు. ఇద్దరు పైలట్లు, మిగతా ఐదుగురు పాత విమానంలో ఒక్కసారి కూర్చోవాలని ముచ్చటపడి టికెట్టు కొన్నవాళ్లు.

దర్యాప్తులో దోషిగా తేలింది ముసలి లోహం కాదు. రెండు ఇంజన్లు పాక్షికంగా శక్తి కోల్పోయాయి. నిప్పురవ్వను పుట్టించే మాగ్నెటోల్లోనూ, స్పార్క్ ప్లగ్గుల్లోనూ లోపాలు కనిపించాయి. పైలట్ విమానవేగాన్ని సరిగా అదుపులో ఉంచకపోవడం, నిర్వహణలో శ్రద్ధ చాలకపోవడం ప్రమాదానికి దారితీశాయని దర్యాప్తు సంస్థ తేల్చింది. రెక్క దూలాన్ని ఎంత గట్టిగా చూసుకున్నా, అరచేతిలో పట్టే ప్లగ్గు దగ్గర ఏమరుపాటు ప్రాణాలు తీయగలదని దీని పాఠం. 2020లో ఆ సంస్థకు ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి రద్దయింది. మన లిబరేటర్ విహారయాత్రలకూ దాంతో తెరపడింది.

మూడేళ్లకు, 2022 నవంబరు 12న డాలస్‌లో జరిగిన విమాన ప్రదర్శనలో మరో బి-17, ఒక యుద్ధవిమానం గాలిలో ఢీకొన్నాయి. ఆరుగురు మరణించారు. రెండు ప్రమాదాల్లోనూ మనుషులతో పాటు, మళ్లీ తయారుచేయలేని చారిత్రక సాక్ష్యం కూడా పోయింది.

ఏది అసలు, ఏది కొత్త?

తాతలనాటి ఎడ్లబండికి ఒక తరం చక్రాలు మార్చింది, మరో తరం ఇరుసు మార్చింది, ఇంకో తరం నొగలు మార్చింది. అది ఇంకా తాత బండేనా? ఎగిరే పాత విమానం విషయంలో ఇది కేవలం తర్కం కాదు. ఎగరాలంటే భద్రత ముఖ్యం, భద్రతకు కొత్త భాగాలు తప్పవు. బ్రిటిష్ వైమానిక దళం ఎగరనిస్తున్న లాంకాస్టర్ బాంబర్‌కు 1990ల మధ్యలో ప్రధాన స్పార్‌నే మార్చారు. అందువల్ల దాని ఆయుష్షు పెరిగింది. పాత స్పార్ చెప్పగలిగే కథ మాత్రం విమానం నుంచి తొలగిపోయింది.

రంగు కూడా చరిత్రను మార్చేస్తుంది. మన ఆరో లిబరేటర్ మీద 1989 నుంచి మూడు పేర్లు మారాయి: 'ఆల్ అమెరికన్', 'డ్రాగన్ అండ్ హిజ్ టెయిల్', 'విచ్‌క్రాఫ్ట్'. ఈ మూడూ యుద్ధంలో పోరాడిన వేర్వేరు లిబరేటర్ల పేర్లు. వాటి జ్ఞాపకార్థం వేసిన రంగులే గానీ, ఈ విమానం సొంత చరిత్ర కాదు. భారత వైమానిక దళంలో అది గడిపిన ఇరవై ఏళ్లు ఆ రంగుల కింద ఉండిపోయాయి. ఏ శ్రమ వల్ల అది కొలిమిలో కరగకుండా మిగిలిందో, ఆ శ్రమే చూసేవాళ్లకు కనిపించదు.

అందుకే మ్యూజియం నిపుణులు పునరుద్ధరణకూ పరిరక్షణకూ తేడా చూపుతారు. కొత్తదానిలా తయారుచేయడం పునరుద్ధరణ. ఉన్నదాన్ని ఉన్నట్టుగా, అతుకులతో సహా, ఇంకా చెడిపోకుండా ఆపడం పరిరక్షణ. బెంగుళూరు కార్మికులు వేసిన ఒక అతుకు రేకు మొదటి పద్ధతిలో లోపం, రెండో పద్ధతిలో పత్రం.

మధ్యే మార్గం

ఎగిరే విమానానికి విలువ లేదనలేం. నాలుగు ఇంజన్లు ఒకేసారి గర్జించే చప్పుడును ఏ బొమ్మా వినిపించలేదు. వాటిని నడిపే, బాగుచేసే నైపుణ్యం పుస్తకాల్లో కంటే చేతుల్లో బతుకుతుంది. అయితే ఇందుకు చివరి ప్రతినే పణంగా పెట్టనక్కరలేదు. ఇంగ్లండులోని ఈస్ట్ కర్క్‌బీలో ఒక లాంకాస్టర్‌ను చాలా ఏళ్లుగా ఇంజన్లు నడిపి నేలమీద పరుగెత్తించి చూపిస్తున్నారు. చప్పుడు ఉంటుంది, నైపుణ్యం ఉంటుంది, రెక్కల మీద ఆకాశపు భారం మాత్రం పడదు.

ఒక న్యాయమైన సూత్రం ఇలా చెప్పుకోవచ్చు. ఒక రకం విమానాలు చాలా మిగిలి ఉంటే, వాటిలో కొన్నిటిని కఠినమైన తనిఖీతో ఎగరనివ్వవచ్చు. వేళ్ల మీద లెక్కపెట్టగలిగేవి మిగిలితే, వాటిని నేలమీదే ఉంచాలి. అలా ఉంచినప్పుడు పైకప్పు, తేమ నియంత్రణ, ఏటేటా లోహ పరీక్ష, చేసిన ప్రతి మార్పుకూ రాతపూర్వక నమోదు ఉండాలి. ఇవి లేకుండా నిలబెట్టడం, ప్రమాదాన్ని తప్పించడం కాదు, నెమ్మది చేయడం మాత్రమే. ప్రయాణికులను ఎక్కించుకోవడం మాత్రం వేరే ప్రశ్న. తన ప్రాణాన్ని పణంగా పెట్టే పైలట్‌కు ఆ ప్రమాదం ఎంతో తెలుసు. టికెట్టు కొన్న కుటుంబానికి తెలియదు.

ఎప్పుడైనా ఢిల్లీ వెళితే పాలంలోని లిబరేటర్‌ను దగ్గర నుంచి చూడండి. బాంబుల అర తలుపులు దుకాణం షట్టర్లలా పక్కలకు చుట్టుకుపోయేలా ఉండడం గమనించండి. రివెట్ల వరసలు చూడండి, రేకుల అతుకులు చూడండి. ఎక్కడైనా రంగు ఉబ్బినట్టు కనిపిస్తే, దాని కింద ఏం జరుగుతుండవచ్చో ఇప్పుడు మీకు తెలుసు. కాన్పూరులో చెడగొట్టినదాన్ని ఎగరగొట్టడానికి 1948లో మన ఇంజనీర్లకు పట్టింది కొద్ది నెలలు. అలా మిగిలినదాన్ని మరో వందేళ్లు నిలపడం అంతకంటే కష్టమైన పని. అందుకు కావలసింది పైలట్లు కాదు, లోహాన్ని చదవగలిగిన మనుషులు.